హీరోకి జలుబు చేసిన రోజు

ఆదివారం మధ్యాహ్నం. వెంగళరావు నగర్‌లో ఓ రెండంతస్తుల ఇల్లు. భోజనాలై ఇంకా చేతులు కూడా ఆరలేదు... హాల్లో గొడవ మొదలైంది. పొలాల గొడవ కాదు, పార్టీల గొడవ అంతకన్నా కాదు. బ్యాట్‌మ్యాన్ కార్టూన్ సీరియల్లో అన్నిటికన్నా మంచి ఎపిసోడ్ ఏది? చెత్త ఎపిసోడ్ ఏది? ఇదీ తగాదా! ఒకవైపు ముప్ఫయ్యారేళ్ల తండ్రి. రెండోవైపు తొమ్మిదేళ్ల కొడుకు. మధ్యలో పడక్కుర్చీలో తాతయ్య. ఆయన ప్రస్తుతానికి ఏ పక్షమూ కాదు. వంటింట్లోంచి ఆ ఇంటి ఇల్లాలు మాత్రం 'ఇద్దరూ ఒకటే తరగతి' అని తీర్పిచ్చేసింది.

ఈ తగాదా సంగతి తేలాలంటే ముందు పాతికేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే ఆ తండ్రి అసలు హీరో బ్యాట్‌మ్యాన్ కాదు, శక్తిమాన్!

1997 సెప్టెంబర్ 13, శనివారం. దూరదర్శన్‌లో 'శక్తిమాన్' మొదలైంది. ఆయనకి అప్పుడు ఎనిమిదేళ్లు. మెరూన్ రంగు దుస్తులు, ఛాతీ మీద బంగారు రంగు చక్రం. ముఖేష్ ఖన్నా చెయ్యి పైకెత్తి గిర్రున తిరిగితే చాలు... ఎక్కడ కావాలంటే అక్కడ ప్రత్యక్షం. సీరియల్ ఆదివారానికి మారాక ఇక చెప్పక్కర్లేదు. ఆ వేళకి వీధిలో క్రికెట్ బంద్. బంతి ఎవరి ఇంట్లో పడిందో కూడా ఎవరికీ పట్టేది కాదు. సరిగ్గా అదే టైముకి కరెంటు పోయిందా... వీధి వీధంతా ఒకటే హాహాకారాలు!

సీరియల్ హిందీలో ఉండేది. అయినా ఏ తెలుగు పిల్లాడూ అది తనకి అర్థం కాలేదని అనలేదు. పండిట్ గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి. ఈ పేరు తడుముకోకుండా చెప్పగలిగినవాడే ఆ రోజుల్లో క్లాసులో మొనగాడు. మామూలప్పుడు శక్తిమాన్ వేసుకునే వేషం అది. ఎత్తు పళ్లు, పెద్ద కళ్లద్దాలు, పత్రికాఫీసులో ఫొటోగ్రాఫర్ ఉద్యోగం. సంస్కృతం కలిపిన ఆ హిందీ వినీ వినీ, తన కొడుకు హిందీ పరీక్ష గట్టెక్కాడని తాతయ్య ఇప్పటికీ అంటుంటారు.

మరి శక్తిమాన్‌లో ఏవి మంచి ఎపిసోడ్లు? ఆ తండ్రి లెక్కలో మొదటి రోజులవే. ఏడుగురు సూర్యాంశులు ఓ మనిషిని ఎంచుకోవడం, యోగంతో పంచభూతాల శక్తి రావడం... ఇదంతా అమ్మమ్మ చెప్పే కథలా ఉండేది. అమెరికా వాళ్ల సూపర్‌మ్యాన్ వేరే గ్రహం నుంచి ఊడిపడ్డాడు. మనవాడు మాత్రం కుండలిని మేల్కొల్పి హీరో అయ్యాడు! మన ఇళ్లలో పెద్దవాళ్లు కూడా పిల్లల పక్కన కూర్చుని చూడటానికి అదో కారణం. సీరియల్ చివర్లో వచ్చే ఆ కాసేపు మాటలైతే తల్లులకి వరం. ఓ పిల్లాడు ఏదో తప్పు చేస్తాడు. శక్తిమాన్ వచ్చి చెబుతాడు. వాడు 'సారీ శక్తిమాన్' అంటాడు. చెత్త రోడ్డు మీద వేయకూడదనీ, అబద్ధాలాడకూడదనీ అమ్మ చెబితే వినని పిల్లలు అతను చెబితే ఎందుకు వినేవాళ్లో... అది ఏ తల్లికీ అంతుపట్టని రహస్యం.

ఇక చెత్తవంటారా... కొదవే లేదు. సీరియల్ 2005 మార్చి 27 దాకా నడిచింది. ఏడున్నరేళ్లు! అంతకాలం సాగాలంటే సాగదీయాలి కదా. ఒక్కో వారం చూస్తే కథ అంగుళం కదిలేది కాదు. విలన్ తమరాజ్ కిల్విష్ సింహాసనం మీద కూర్చుని చీకటికి జేజేలు కొట్టించుకునేవాడు. డాక్టర్ జాకాల్ కళ్లు పెద్దవి చేసి పవర్ పవర్ అని అరిచేవాడు. కిందటివారం చూపించిందే మళ్లీ కాసేపు చూపించేవాళ్లు. శక్తిమాన్ గిర్రున తిరిగి వచ్చేసరికి 'మిగతాది వచ్చేవారం'. సురేంద్ర పాల్, లలిత్ పరిమూ మంచి నటులే. కానీ ఎంత మంచి నటుడైనా పదోసారి నవ్విన అదే నవ్వుకి ఎవరు భయపడతారు?

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ దూరదర్శన్ శక్తిమాన్‌ని మళ్లీ వేసింది. ఆ తండ్రి ఎంతో సంబరపడి, నాలుగేళ్ల కొడుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుని టీవీ పెట్టాడు. పది నిమిషాలకే వాడు ఒళ్లోంచి జారిపోయి బొమ్మ కారు తోసుకుంటూ వెళ్లిపోయాడు. తండ్రి మాత్రం చివరిదాకా కూర్చున్నాడు. ఆ వెలిగే కిరణాలు, ఆ అట్ట గోడలు... 'అప్పట్లో కూడా ఇలాగే ఉండేదా?' అని భార్యని అడిగాడట. 'ఇలాగే ఉండేది. మనమే చిన్నగా ఉండేవాళ్లం' అందామె.

అయితే శక్తిమాన్ చుట్టూ నవ్వులాటకి అందని సంగతి ఒకటి జరిగింది. ఆపదలో పడితే శక్తిమాన్ వచ్చి కాపాడతాడని నమ్మి పిల్లలు మేడల మీంచి దూకుతున్నారని, ఒంటికి నిప్పంటించుకుంటున్నారని అప్పట్లో దేశంలో పలుచోట్ల నుంచి వార్తలొచ్చాయి. సీరియల్ మీద విమర్శలు చెలరేగాయి. ఇలాంటివి చేయొద్దని ముఖేష్ ఖన్నా స్వయంగా తెర మీదకొచ్చి పిల్లలకి చెప్పాల్సి వచ్చింది. అప్పటిదాకా 'పోనీలే, మంచి మాటలు చెబుతున్నాడు' అనుకున్న తల్లిదండ్రులు ఒక్కసారిగా మేడ తలుపులకి తాళాలు వేయడం మొదలుపెట్టారు.

వెంగళరావు నగర్ ఇంట్లో మాత్రం తాళం అవసరం రాలేదు. దానికి కారణం పై వాటాలో అద్దెకుండే మనిషి. ఆ చుట్టుపక్కల అంతే కదా! కాస్త దూరం నడిస్తే కృష్ణానగర్. తెల్లారకముందే సినిమా షూటింగులకి వెళ్లే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, ఫైటర్లు అక్కడి టీకొట్ల దగ్గరే కనిపిస్తారు. పై వాటా ఆయన ఫైటర్. హీరో గాల్లోకి లేవాలంటే తాడు లాగే జట్టులో ఒకడు. మేడ మీద గిరగిరా తిరిగి కళ్లు తిరిగి కూలబడిన ఎనిమిదేళ్ల పిల్లాణ్ని చూసి, పక్కన కూర్చోబెట్టుకుని తన అరచేతులు చూపించాడట. తాడు ఒరుసుకుని కాయలు కాసిన చేతులు. 'ఒక్క మనిషి ఎగరాలంటే కింద ఇంతమందిమి లాగాలి బాబూ. తాడు లేకపోతే ఏ హీరో అయినా కిందే' అన్నాడు. ఆ మాట చెబుతుంటే ఆ తండ్రి ఇప్పటికీ తన అరచేతి కేసి చూసుకుంటాడు. ఆ రోజు మాత్రం కోపమొచ్చి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదట!

సరే, మళ్లీ ఆదివారం తగాదాకి వద్దాం.

కేబుల్ వచ్చాక ఆ ఇంటికి బ్యాట్‌మ్యాన్ వచ్చాడు. 1992 సెప్టెంబర్‌లో అమెరికాలో ఫాక్స్ కిడ్స్‌లో మొదలైన 'బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్' అది. మొత్తం 85 ఎపిసోడ్లు. బ్యాట్‌మ్యాన్‌కి గాల్లో ఎగిరే శక్తి లేదు, కుండలినీ లేదు. ఉన్నదల్లా డబ్బు, బుర్ర, మొండితనం. నగరమంతా చీకటిగా కనిపించాలని నేపథ్య దృశ్యాల్ని తెల్ల కాగితం మీద కాకుండా నల్ల కాగితం మీద గీశారు. అందుకే ఆ బొమ్మలకి ఆ రాత్రి రంగు. పిల్లల కార్టూనే అయినా పెద్దవాళ్లు కూడా కన్నార్పకుండా చూశారంటే అదొక కారణం.

అందులో తండ్రి ఓటు 'హార్ట్ ఆఫ్ ఐస్'కి. 1992 సెప్టెంబర్ 7న వచ్చింది. రాసింది పాల్ డీని, దర్శకుడు బ్రూస్ టిమ్. కథ ఇదీ: విక్టర్ ఫ్రైస్ ఓ శాస్త్రవేత్త. భార్య నోరాకి నయంకాని జబ్బు. మందు దొరికేదాకా ఆమెని గడ్డకట్టించి ప్రాణం నిలబెట్టాలని కంపెనీ సామగ్రితో ప్రయోగం చేస్తుంటాడు. ఖర్చు ఎక్కువవుతోందని కంపెనీ యజమాని మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి ఆపేయిస్తాడు. అడ్డుపడిన విక్టర్‌ని రసాయనాల మీదకి తోసేస్తాడు. అప్పట్నుంచి విక్టర్ ఒళ్లు మంచు. చలిసూటు లేకపోతే బతకలేడు. మిస్టర్ ఫ్రీజ్‌గా మారి పగ తీర్చుకోవడానికి బయల్దేరతాడు. ఆ యజమానికేమో ఊళ్లో పరోపకారి అని సన్మానం!

ఇందులో గమ్మత్తేమిటంటే... ఆ ఎపిసోడ్‌లో బ్యాట్‌మ్యాన్‌కి జలుబు చేస్తుంది. తుమ్ములే తుమ్ములు! నౌకరు ఆల్‌ఫ్రెడ్ ఫ్లాస్కులో వేడివేడి చికెన్ సూప్ పోసిచ్చి పంపుతాడు. మన ఇళ్లలో అయితే మిరియాల చారు ఇచ్చేవాళ్లు. చివరి పోరాటంలో ఆయుధాలేవీ పనిచేయవు. బ్యాట్‌మ్యాన్ ఆ ఫ్లాస్కు తీసి మిస్టర్ ఫ్రీజ్ తల మీదున్న గాజు బుడ్డికేసి కొడతాడు. చల్లటి గాజు మీద వేడి సూప్... పటపటమని పగిలిపోతుంది. ఇంత పెద్ద హీరో ఇంట్లో కాచిన సూప్‌తో గెలిచాడు. గెలిచాక సంతోషం ఉందా అంటే అదీ లేదు. యజమాని చేసిన పాపం వీడియో టేపులో దొరుకుతుంది. దాన్ని లోకానికి చూపించే పని కూడా బ్యాట్‌మ్యాన్ చేస్తాడు. మిస్టర్ ఫ్రీజ్ మాత్రం చెరసాల గదిలో ఒంటరిగా కూర్చుంటాడు. గాజు గోళంలో తిరిగే చిన్న నాట్యకత్తె బొమ్మ కేసి చూస్తూ, చచ్చిపోయిన భార్యకి క్షమాపణ చెప్పుకుంటూ. మొత్తం ఇరవై రెండు నిమిషాలు!

ఈ ఎపిసోడ్ రచనకి డేటైమ్ ఎమ్మీ అవార్డు వచ్చింది. 1959లో కామిక్ పుస్తకాల్లో మిస్టర్ జీరో పేరుతో పుట్టిన ఈ విలన్ అప్పటిదాకా ఓ మంచు తుపాకీ పట్టుకు తిరిగే వేళాకోళం మనిషి. నోరా అనే భార్యని పుట్టించింది పాల్ డీనియే. ఆ తర్వాత కామిక్స్ కూడా అదే కథని సొంతం చేసుకున్నాయి. 1997లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ఆ వేషం వేసిన 'బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్' సినిమాలోనూ నోరా ఉంది. ఒక టీవీ కార్టూన్ ముప్ఫయ్యేళ్ల నాటి పాత్రకి గుండె పెట్టిందన్నమాట.

మరి చెత్త ఎపిసోడ్? అదీ ఆ నెలలోనే వచ్చింది! సరిగ్గా 23 రోజుల తర్వాత, సెప్టెంబర్ 30న. పేరు 'ఐ హావ్ గాట్ బ్యాట్‌మ్యాన్ ఇన్ మై బేస్‌మెంట్'. పెంగ్విన్ అనే విలన్ వదిలిన విషవాయువుకి బ్యాట్‌మ్యాన్ స్పృహ తప్పుతాడు. డిటెక్టివ్ పుస్తకాల పిచ్చి ఉన్న షెర్మన్ అనే పిల్లాడు, అతని స్నేహితురాలు రాబర్టా కలిసి అతణ్ని కారులో తీసుకెళ్లి తమ ఇంటి నేలమాళిగలో దాచేస్తారు. వాళ్లమ్మకి తెలియకుండా! పెంగ్విన్ ముఠా ఇంటి మీద పడుతుంది. పిల్లలు జారిపడే ఎత్తులూ, నెత్తిన పడే ఎత్తులూ వేసి ముఠాని ఆపుతారు. చివర్లో లేచిన బ్యాట్‌మ్యాన్ ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని పెంగ్విన్ గొడుగు కత్తితో యుద్ధం చేస్తాడు. అవును, స్క్రూడ్రైవరే! ఈ ఎపిసోడ్ తల్చుకుంటేనే ఒళ్లు మండుతుందన్నట్టుగా బ్రూస్ టిమ్ ఆ తర్వాత మాట్లాడాడు. బ్యాట్‌మ్యాన్‌తో ఏం చేయకూడదో అదంతా ఇందులో చేశారన్నది ఆయన బాధ. అభిమానులు వేసే చెత్త జాబితాల్లో మొదటి వరుస సీటు దీనికి ఖాయం.

తండ్రి వాదనా అదే. 'హీరో సగంసేపు పడుకునే ఉంటే ఇక హీరో ఎందుకురా?'

కొడుకు ఒప్పుకోడు. వాడి ఉద్దేశంలో మొత్తం 85లో ఇదే బెస్టు! ఎందుకూ అంటే జవాబు రెడీ. 'అన్నిట్లోనూ బ్యాట్‌మ్యాన్ పిల్లల్ని కాపాడతాడు. ఇందులో పిల్లలే బ్యాట్‌మ్యాన్‌ని కాపాడారు. కారు కూడా తోలారు!'

తండ్రి దగ్గర దీనికి వెంటనే జవాబు దొరకలేదు.

నిజానికి ఈ ఎపిసోడ్ బాగోలేదన్నది నిజమే. విలన్లు మరీ తెలివితక్కువగా జారిపడతారు. బొమ్మల్లో కూడా ఆ రాత్రి అందం కనిపించదు. 'హార్ట్ ఆఫ్ ఐస్' పక్కన పెడితే వెలవెలబోతుంది. కానీ ఈ జాబితాలు వేసేవాళ్లంతా ఎవరు? పెద్దవాళ్లు. లేదా చిన్నప్పుడు చూసి ఇప్పుడు పెద్దవాళ్లయినవాళ్లు. వాళ్లు హీరో వైపు నుంచి చూస్తారు... మా హీరోని ఎంత గొప్పగా చూపించారు, ఎంత లోతుగా చూపించారు అని. తొమ్మిదేళ్లవాడు చూసేది హీరోని కాదు. ఆ కథలో తనకేం పని ఉంది అని! శక్తిమాన్ రోజుల్లో పిల్లలకి ఉన్న పని ఎదురుచూడటం ఒక్కటే. అతను వస్తాడు, కాపాడతాడు, బుద్ధి చెబుతాడు. మనం సారీ చెప్పాలి. మేడ అంచు దాకా వెళ్లిన పిల్లలు నమ్మింది కూడా అదే. షెర్మన్ ఎదురుచూడలేదు. నేల మీద పడి ఉన్న హీరోని ఈడ్చుకుంటూ ఇంటికి తెచ్చాడు. పై వాటా ఫైటర్ ఎనిమిదేళ్ల పిల్లాడికి అరచేతులు చూపించి చెప్పబోయింది కూడా ఇలాంటిదే కాబోలు. పాపం, అప్పుడా పిల్లాడు వినలేదు.

అన్నట్టు, పిల్లల్నే హీరోలు చేస్తే ఏమవుతుందో చూపించింది మన హైదరాబాదే. రాజీవ్ చిలక గ్రీన్ గోల్డ్ యానిమేషన్ నుంచి 2008లో పోగో ఛానల్లోకి వచ్చిన 'ఛోటా భీమ్' సంగతి తెలియని ఇల్లు ఉందా? ఢోలక్‌పూర్ పిల్లాడు లడ్డూ తింటాడు, రాక్షసుణ్ని మట్టి కరిపిస్తాడు. ఇందులోనూ మంచీ చెడూ లడ్డూ దగ్గరే తేలిపోతాయి. లడ్డూ దొరకడం ఆలస్యమైతే ఎపిసోడ్ బాగుంటుంది. అడగ్గానే దొరికేస్తే అయిదు నిమిషాల్లో కథ కంచికి. అదే సంస్థ 2019లో నెట్‌ఫ్లిక్స్‌కి చేసిన 'మైటీ లిటిల్ భీమ్'లో అసలు మాటలే లేవు. పాకే వయసు భీముడు, వాడి వెంట పడే అమ్మ. ఏ భాష పిల్లలైనా చూడొచ్చు. వెంగళరావు నగర్ కుర్రాడు మాత్రం 'అది బుజ్జి పిల్లలది' అని మూతి తిప్పేశాడు. తొమ్మిదేళ్లు నిండాయి మరి!

ఇంతకీ తగాదా ఏమైంది? తేల్చడానికి ఒకటే దారి. రెండూ మళ్లీ చూడాలి. ముందు 'హార్ట్ ఆఫ్ ఐస్' పెట్టారు. తాతయ్యకి ఇంగ్లిష్ మాటలు సరిగా పట్టవు. మనవడే పక్కన కూర్చుని ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతున్నాడు. చెరసాల సీను వచ్చింది. బొమ్మ తిరుగుతోంది. తాతయ్య కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. ఎదురు గోడ మీద దండ వేసిన నానమ్మ ఫొటో. నాలుగేళ్ల కిందట ఓ ఆస్పత్రి ఐసీయూ బయట పదకొండు రోజులు కుర్చీలో కూర్చున్న మనిషి ఆయన. లోపలికి వెళ్లనిచ్చిన ఆ అయిదు నిమిషాల్లో ఏసీ చలికి ఆమె చేతులు మంచుగడ్డల్లా ఉండేవని ఇప్పటికీ అంటుంటారు.

'ఆ మంచువాడి భార్య నిజంగానే పోయిందా?' అని అడిగారు కాసేపటికి.

'లేదు నాన్నా. పోయిందని అతననుకుంటాడు. 1998లో 'సబ్‌జీరో' అని సినిమా తీశారు. అందులో ఆమె బతికే ఉంటుంది. చివరికి ఆపరేషన్ చేసి నయం చేస్తారు. డబ్బు బ్యాట్‌మ్యాన్ కంపెనీయే ఇస్తుంది. టీవీలో ఆ వార్త వస్తుంటే మంచువాడు కిటికీలోంచి చూస్తాడు' చెప్పాడు కొడుకు.

'చూశాడు కదా. అది చాలు' అన్నారు తాతయ్య. మనవడి కేసి తిరిగి, 'నీది పెట్టు మరి' అన్నారు.

నేలమాళిగ ఎపిసోడ్ మొదలైంది. తండ్రి కాసేపు ఫోన్ చూసుకున్నాడు. పిల్లలు బ్యాట్‌మ్యాన్‌ని కారెక్కించే సీను దగ్గర ఫోన్ పక్కన పడేశాడు. స్క్రూడ్రైవర్ రాగానే మాత్రం ఆపుకోలేక 'ఇదేం ఫైటురా బాబూ' అని పకపకా నవ్వాడు.

'నవ్వకు నాన్నా, మంచి సీను!' కసిరాడు కొడుకు.

'నువ్వు పోనీయ్‌రా, మీ నాన్నకి తెలీదు' అన్నారు తాతయ్య.